బిందుమాధవికి నీలం టిక్కు

"ఆ పేరు పెట్టమని ఎవరు చెప్పారే నీకు?"

సుబ్బరావమ్మ అరిచిన అరుపుకి కల్లంలో ఎండుమిరపలో రంగు పోయిన తాలుకాయ ఏరుతున్న ఆడకూలీలు నలుగురూ ఒక్కసారే తలలెత్తారు.

భవ్య మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఇంటర్ పరీక్షలకి ఇంటి దగ్గర చదువుకుంటున్న పిల్ల, ఫోను చూసి, పుస్తకం మంచం మీద పారేసి, కల్లం దాకా పరిగెత్తుకుంటూ వచ్చింది. ఈ కబురుకి అందరికంటే నాయనమ్మే సంతోషపడుద్దనుకుంది. "కళ్లజోడు తేలేదు, చదువు" అంటే గట్టిగా చదివింది కూడా. బిందుమాధవి. పక్కన, అమ్మ అకౌంటుకి కొత్తగా వచ్చిన నీలం టిక్కు.

"నేను పెట్టలేదు నాయనమ్మా. ఆధార్‌లో ఏ పేరుంటే అదే వచ్చుద్ది. వాళ్ల రూలు అది."

"ఆధార్ ఎందుకిచ్చావు?"

"ఇవ్వకపోతే టిక్కు ఎట్టా ఇస్తారు? ఆధార్ రెండు వైపులా ఫొటో తీసి పంపాలి, అమ్మ మొహం అటూ ఇటూ తిప్పి వీడియో పంపాలి. ఆదివారం మీ ముందేగా తీశాం. నువ్వే కదా, కొప్పు సరిగా పెట్టుకోమన్నావు అమ్మని."

సుబ్బరావమ్మ చేతిలోని చాట గట్టిగా కుదిపింది.

కోడలు భానుశ్రీ టార్పాలిన్ పట్టా మధ్యలో నిలబడి, ఎండుతున్న కాయని కాళ్లతో తిరగేస్తోంది. ఆ పేరు విన్న దగ్గర ఆమె కాలు ఆగిపోయింది. ఆఫీసుల్లో ఎవరో గుమాస్తా పిలిస్తే "ఆఁ" అని పలికే పేరు అది. ఇంట్లో, కల్లంలో, పదహారేళ్లుగా ఎవరి నోటా రాలేదు. ఇయ్యాళ ఆ పేరు పలికింది ఆ పేరు గల మనిషి కన్నబిడ్డ. ఆ సంగతి ఆ బిడ్డకే తెలియదు.

"టిక్కంటే ఏందమ్మాయ్?" సామ్రాజ్యం అడిగింది కాయ ఏరుకుంటూనే. ఆమెకి ఎవరింట్లో గొడవైనా చెవి అటే. "మేస్త్రీ మన పేర్ల పక్కన వేస్తాడే, అదా?"

"అట్టాంటిదే అత్తా. ఈ మనిషి నిజం మనిషేనని కంపెనీ వాళ్లు వేసే గుర్తు."

"మంచిదే. మా మేస్త్రీ అయితే రానోళ్లకి కూడా వేస్తాడు."

ముగ్గురు నవ్వారు. సుబ్బరావమ్మ వాళ్ల వంక చూసిన చూపుకి ఆ నవ్వు అక్కడే చచ్చింది.

"పోయి నీళ్లు తాగి రాండి మీరు."

"ఇప్పుడేగా పెద్దమ్మా తాగొచ్చింది."

"మళ్లీ తాగండి!"

*

టిక్కు కావాలన్నది ఒక్క భవ్య కాదు. ఇంటిల్లిపాదీ కూర్చుని అనుకున్న పని.

నాలుగేళ్లుగా భానుశ్రీ వెదురు కర్రకి ఫోను కట్టి, మిరప చేలో నిలబడి మాట్లాడుతోంది. ఆకు ముడత ఎట్టా వచ్చుద్ది, తడి ఎప్పుడు ఆపాలి, కాయ రంగు పోకుండా ఎట్టా ఎండబెట్టాలి. 'భానుశ్రీ మిర్చి కబుర్లు'. రెండు లక్షల మంది చూస్తారు. యూనివర్సిటీలో చదివినోళ్లు చెబితే వినని రైతు, మట్టి కాళ్లతో నిలబడి చెప్పే ఈమె మాట వింటాడు.

ఆ నమ్మకాన్నే ఎవడో దొంగిలించాడు. అదే పేరు, అదే మొహం, ఆమె వీడియోలే పెట్టి ఇంకో అకౌంటు తెరిచాడు. నల్ల తామర పురుగుకి భానుశ్రీ అక్క మందు అని సీసాలు పార్సిల్ చేస్తున్నాడు. పోయిన వారం సింగరాయకొండ వైపు నుంచి మూడు మోటారు సైకిళ్ల మీద మనుషులొచ్చారు. మాడిపోయిన మిరప మొక్కలు తెచ్చి గుమ్మంలో పారేశారు. "నీ మొహం చూసే కొట్టామమ్మా ఈ మందు" అని ఒక ముసలాయన మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. తిట్టినోళ్లని భానుశ్రీ తట్టుకుంది. ఏడ్చిన మనిషిని తట్టుకోలేకపోయింది.

అప్పుడే మొగుడు వీరబాబు అన్నాడు, "ఆ టిక్కేదో తెచ్చుకోండి, నిజం ఎవరో అబద్ధం ఎవరో తేలుద్ది" అని.

పేరు సంగతి మాత్రం ముగ్గురు పెద్దోళ్లలో ఒక్కరికీ తట్టలేదు. నమ్మినా నమ్మకపోయినా నిజం ఇదే. కాగితాల్లో ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు పెట్టుకుని పదహారేళ్లు బతికినోళ్లకి, అందులో అబద్ధముందన్న సంగతే మరుపున పడుద్ది.

బిందుమాధవి భానుశ్రీకి అక్క. దాచేపల్లిలో వీరబాబుతో కాపురం చేసి, ఐదు నెలల పసిబిడ్డని వదిలి పోయింది. జ్వరమొచ్చి పోయిందన్నారు. పొన్నూరు దగ్గర పుట్టింటికి కబురొచ్చి, అమ్మా నాన్నా భానుశ్రీని తీసుకుని బస్సు దిగేసరికి బూడిదే మిగిలింది. మూడో నెలలో పసిదాని కోసమని భానుశ్రీ మెళ్లో బావ చేత తాళి కట్టించారు. ఆ వేసవిలోనే ఊరొదిలి, ఎవరికీ తెలియని ఈ పర్చూరు వైపు ఊరికి కౌలు సేద్యానికొచ్చారు.

రేషన్ కార్డులో బిందుమాధవి పేరు అట్టాగే ఉంది. చనిపోయిందని రాయిస్తే ఆ పేరు కొట్టేస్తారు, కొత్త పేరు ఎక్కడానికి ఏళ్లు పట్టుద్ది, ఉన్న పేరులో ఉండిపో అంది అత్త. ఆధార్ తీసేటప్పుడు ఆ కార్డే చూపించారు. వేలిముద్రలు భానుశ్రీవి, కళ్లు భానుశ్రీవి, పేరు అక్కది. ఈ దేశంలో చచ్చిన మనిషి చచ్చిందని రాయించడం కంటే, బతికున్న మనిషిని ఆ పేరులోకి దూర్చడం తేలిక.

భానుశ్రీ అనే మనిషి ఉందని లోకానికి చెప్పే చోటు ఒక్కటే మిగిలింది ఆమెకి. ఆ ఫోను. ఇయ్యాళ పొద్దున అక్కడ కూడా పోయింది.

*

వీరబాబు టీ కొట్టు దగ్గర విన్నట్టున్నాడు. బండి గట్టు మీద స్టాండు కూడా వేయకుండా కందికంపకి ఆనించి వచ్చాడు.

"తీసెయ్."

"ఏంటి నాన్నా?"

"అకౌంటు తీసెయ్. మొత్తం. ఇప్పుడే."

"తీసేస్తే దొంగదే మిగులుద్ది నాన్నా! వాడి దానికి భానుశ్రీ అనే ఉందింకా. మనం పోతే వాడే అసలోడైపోతాడు."

"పోతే పోనీ."

"రేపు ఇంకో ఊరోళ్లు మొక్కలు తెచ్చి పారేస్తే?"

"నేను చూసుకుంటా."

"మొన్న నువ్వు చూసుకోలేదుగా. వెనక తలుపు తీసుకుని పోయావు. అమ్మే నిలబడింది."

"ఏయ్!"

భానుశ్రీ పట్టా మీద నుంచి ఇవతలికి వచ్చింది. "దాన్నేమీ అనొద్దు బావా. అది చేసిందాంట్లో తప్పేముంది?"

మొగుణ్ణి బావా అని పిలిచే ఆడోళ్లు ఈ వైపు ఇంటికొకరుంటారు. ఆ పిలుపులో ఏముందో భవ్య ఏనాడూ ఆలోచించలేదు.

"పేరు మళ్లీ భానుశ్రీ అని మార్చలేమా?" భానుశ్రీ కూతుర్ని అడిగింది.

"మార్చొచ్చు. ఆ పేరుతో ఇంకో కార్డేదన్నా ఉండాలి. ఇంట్లో పిలిచే పేరుకి కార్డు ఎక్కణ్ణుంచి వచ్చుద్ది?"

"పదో తరగతి మార్కుల లిస్టుంది. పెట్టెలో. అందులో భానుశ్రీ అనే ఉంది."

నోరు జారినట్టు ఆమెకి అప్పుడు తెలిసింది. సుబ్బరావమ్మ చేతిలో చాట కింద పెట్టింది.

భవ్య లెక్క వేసుకుంటోంది. సైన్సు చదివే పిల్ల. "బళ్లో భానుశ్రీ అని ఉంటే, ఆధార్‌లో బిందుమాధవి ఎట్టా వచ్చిందమ్మా? నా సర్టిఫికెట్లలో కూడా తల్లి పేరు బిందుమాధవేగా. నేను భానుశ్రీయే ముద్దుపేరనుకున్నా."

గాలి తిరిగింది. కాయ ఘాటు అందరి గొంతుల్లోకీ ఎక్కింది. ఎవరూ దగ్గలేదు.

"పెళ్లప్పుడు మార్చాం," అన్నాడు వీరబాబు. "జాతకం కుదరలేదు. పంతులు పేరు మార్చమన్నాడు."

"అట్టానా అమ్మా?"

భానుశ్రీ తల ఊపింది. ఊపకుండా ఉండాల్సింది. కానీ ఊపింది. పదహారేళ్లు మోసిన బరువు, ఇంకో పూట మోస్తే ఏం పోయిందనుకుంది. ఎదురుగా నిలబడింది పేగు తెంచుకుని పుట్టకపోయినా పేగు కంటే దగ్గరైన పిల్ల. తల ఊపితే ఈ పూటకి కూతురు మిగులుద్ది.

"మరి ఆ మాట ముందే చెబితే ఏం పోయింది?" భవ్య తేలికపడింది. "ఇంత రచ్చ చేశారు. చూడమ్మా, ఎంతమంది కామెంట్లు పెట్టారో. 'కంగ్రాట్స్ అక్కా.' 'అక్కా నీ అసలు పేరు ఇదా, బాగుంది.' 'అక్కా, మా చేలో కాయకుళ్లు వచ్చింది, ఏం కొట్టమంటావు?' వీళ్లకి ఎప్పుడూ ఇదే గోల."

సుబ్బరావమ్మ మళ్లీ చాట అందుకుంది. వీరబాబు చొక్కా జేబులో బీడీ కట్ట వెతుక్కున్నాడు. గండం గడిచిందనుకున్నారు ఇద్దరూ.

"'భానూ, నేను మౌలాబీని,'" భవ్య చదువుతోంది. "ఎవరమ్మా మౌలాబీ? 'దాచేపల్లిలో మీ అక్కకి పక్కిల్లు. నీ మొహం చూడగానే పోల్చుకున్నా. పేరేమో మీ అక్కది ఉంది...'"

"చదవొద్దు," అంది భానుశ్రీ.

"'చచ్చిపోయినదాని పేరు పెట్టుకున్నావేంటమ్మా. నా ఒళ్లంతా జలదరించింది.'" భవ్య గొంతు నెమ్మదించింది. కానీ ఆగలేదు. చదువు నేర్పినోళ్లు చివరిదాకా చదవమనే నేర్పారు. "'బిందు కూతురు బాగుందా. పెద్దదై ఉంటది. భవ్య అని పేరు పెట్టింది నేనే. ఈ నంబరుకి ఫోన్ చెయ్యి.'"

నంబరు కూడా చదివింది. పది అంకెలూ, ఒక్కొక్కటే.

*

"నీకు అక్క ఉందా అమ్మా?"

"ఉండేది."

"బిందుమాధవి."

"అవును."

"నోరు ముయ్యవే!" సుబ్బరావమ్మ లేచింది. "పరీక్షలున్నాయి పిల్లకి. ఇప్పుడా చెప్పేది?"

"నేను చెప్పడం లేదత్తా. మీరు రాయించిన పేరే చెప్పింది." భానుశ్రీ కూతురి వైపు తిరిగింది. "నిన్ను కన్నది అక్క. నేను నీకు పిన్నిని అవుతా. నువ్వు ఐదు నెలల పిల్లవి అక్క పోయేసరికి. మాటలొచ్చాక నన్నే అమ్మా అన్నావు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆ నాలుగు ముక్కలే. ఎన్ని రాత్రులు ఎన్ని రకాలుగా చెప్పుకుందో లోపల. బయటికొచ్చేసరికి నాలుగు ముక్కలే.

భవ్య ఏడవలేదు. కళ్లు తుడుచుకుంది, అంతే. ఇందాక నాయనమ్మ చాటలో చెయ్యి పెట్టి మిరపకాయ చూసిన పిల్ల, ఆ చేత్తోనే తుడుచుకుంది.

"అయ్యో, చెయ్యి!" భానుశ్రీ నీళ్ల బిందె దగ్గరికి పరిగెత్తింది. చెంబుతో ముంచుకొచ్చింది. "తెరవమాకు. మొహం ఇటు పెట్టు. ఇటు పెట్టమ్మా."

భవ్య మొహం పక్కకి తిప్పేసుకుంది. చెంబు మాత్రం తడుముకుని అందుకుంది. తనే కడుక్కుంది. ఒలికిన నీళ్లు నల్లరేగడి మట్టిలో ఇంకిపోయాయి.

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల ఆమె చెయ్యి వద్దనడం ఇదే మొదటిసారి. భానుశ్రీ ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది.

మొహం కడుక్కున్నా కళ్లు మూసుకునే ఉంది భవ్య. ఎర్రగా వాచాయి రెప్పలు. మూసుకున్న కళ్లతోనే అడిగింది.

"ఎట్టా చచ్చిపోయింది?"

"జ్వరం," అంది సుబ్బరావమ్మ.

"పాము," అన్నాడు వీరబాబు.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. ఒకదాన్నొకటి గుద్దుకుని పడ్డాయి.

భవ్య రెప్పలు కొద్దిగా విప్పి, తండ్రినీ నాయనమ్మనీ మార్చి మార్చి చూసింది. కానీ వీరబాబు చూస్తున్నది కూతురి వైపు కాదు. పెళ్లాం వైపు.

"నాకు జ్వరమని చెప్పారు," అంది భానుశ్రీ.

ఆమె ఒక అడుగు ముందుకి వేసింది.

"మా నాన్నకీ జ్వరమనే చెప్పారు. పాము ఎక్కణ్ణుంచి వచ్చింది బావా?"

"పాము కరిచాక జ్వరమొచ్చింది. రెండూను."

"ఏ ఆస్పత్రికి తీసుకుపోయారు?"

"అప్పుడు ఆస్పత్రులు యాడున్నాయే?" సుబ్బరావమ్మ కలగజేసుకుంది. "చావు ఎట్టా వస్తే ఏంది, పోయినోళ్లు పోయారు. ఇప్పుడు తవ్వి ఏం చేసుకుంటావు? నీకేం తక్కువైంది ఈ ఇంట్లో? మొగుణ్ణిచ్చాం. బిడ్డనిచ్చాం."

"పేరు కూడా ఇచ్చారు."

"ఇచ్చాం! లేకపోతే దాని చావు పంచాయతీలో రాయించాల్సొచ్చేది. రాయిస్తే ఎట్టా పోయిందని అడగరా? పోలీసోళ్లు రారా?"

"జ్వరమని చెబితే పోలీసులు ఎందుకొస్తారత్తా?"

 ముసలామె వంగి, ముందున్న కుప్పలో నుంచి కాయ ఏరడం మొదలుపెట్టింది. ఎర్రకాయ తాలులో వేస్తోంది, తాలుకాయ ఎర్రదాంట్లో వేస్తోంది. యాభై ఏళ్లు కాయ ఏరిన చేతులు.

గట్టు మీద వేపచెట్టు కింద కూలోళ్లు నలుగురూ నిలబడ్డారు. నీళ్లు ఎవరూ తాగడం లేదు.

"బావా," అంది భానుశ్రీ. అరవలేదు. "మా అక్క ఏం తాగింది?"

"ఏం తాగిందంటావేంటి? నీకెవరు చెప్పారు తాగిందని?"

"ఎవరూ చెప్పలేదు. అందుకే అడుగుతున్నా. తాగిందా, తాగించారా?"

వీరబాబు చెయ్యి లేచింది. సగంలో ఆగింది. భవ్య మధ్యలోకి వచ్చి నిలబడింది, వాచిన కళ్లతో, సరిగా కనపడక తండ్రి భుజానికి కొద్దిగా పక్కకి చూస్తూ.

"అడిగిందాంట్లో తప్పేముంది నాన్నా?" అంది.

ఆ చెయ్యి కిందికి దిగింది. ఆ మాటకి జవాబు చెప్పి ఉంటే, ఎంత పాడు జవాబైనా, ఆ ఇల్లు ఇంకో రకంగా నిలబడేదేమో. వీరబాబు చెప్పలేదు. "ఫోనిటివ్వు" అన్నాడు.

భవ్య ఫోను ఇచ్చింది. తండ్రికి కాదు. వెనక్కి చెయ్యి చాపి, చూడకుండానే, వెనక ఉన్న మనిషికి.

భానుశ్రీ నంబరు కోసం ఆ కామెంటు వెతుక్కోనక్కర్లేదు. బిడ్డ ఒక్కొక్క అంకే చదివింది, ఒక్కొక్కటే గుచ్చుకుంది. నొక్కుతూ వెనక్కి వెనక్కి నడిచింది. పట్టా అంచు దాటి, ఎండు కాయ మీదికి, ఎరుపు మధ్యలోకి.

"ఫోన్ చెయ్యకు! ఆ తురకామె నోటికొచ్చినట్టు వాగుద్ది! భానూ, నీకు దణ్ణం పెడతా, ఇటివ్వు!"

వీరబాబు అరుస్తూ ఉరికాడు. పట్టా అంచు దాకా ఉరికి ఆగిపోయాడు. కాళ్లకి చెప్పులున్నాయి. చెప్పుకాళ్లతో పంట తొక్కిన మనిషి వాళ్ల వంశంలో లేడు. ఏం చేసినోడైనా, ఏం దాచినోడైనా, ఆ కాలు ముందుకి పడలేదు. వంగి చెప్పు పట్టీ ఊడదీసుకుంటున్నాడు. పట్టీ రావడం లేదు.

అవతల ఫోను మోగుతోంది. నాలుగోసారికి ఎత్తారు.

"హలో. ఎవరమ్మా?"

పెద్దవయసు గొంతు. వెనకాల ఎక్కడో సిమెంటు లారీ హారన్.

భానుశ్రీ ఫోను చెవి దగ్గర్నుంచి తీసింది. భవ్య అంచున నిలబడి ఉంది, చెప్పులు లేవు, పరిగెత్తుకొచ్చిన హడావిడిలో ఇంటి దగ్గరే వదిలేసినట్టుంది. ఒక్కొక్క అడుగే కాయ మీద వేసుకుంటూ లోపలికొచ్చింది. భానుశ్రీకి రెండు బారల దూరంలో ఆగింది. అంతకంటే దగ్గరికి రాలేదు.

భానుశ్రీ స్పీకర్ నొక్కింది.

"మౌలాబీ, నేను భానుశ్రీని," అంది. "అక్క బిడ్డ కూడా వింటోంది. ఆ రోజు నువ్వు చూసింది మొదట్నుంచీ చెప్పు."